డెల్ఫియా అత్త ఓడిపోవాలనుకున్న ఎన్నిక

కోర్టు భవనం వెనక రాతి జైలు. పైన ఖైదీలు, కింద వంటిల్లు, దాని పక్కన ఒక గది. ఆ గదిలోనే డెల్ఫియా స్టాంపర్ కాపురం. మా కెంటకీ కొండల్లో జైలర్‌ని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ఖైదీలకు వండిపెట్టేది జైలరు భార్య. డెల్ఫియా భర్త హోబార్ట్ జైలరు. అమ్మకు జబ్బు చేసి నేను బడి మానేశాక ఆ వంటింట్లో పనికి కుదిరాను. ఊరందరిలాగే నేనూ ఆమెను అత్తా అనేదాన్ని.

"కమ్మీల్లేని కిటికీ పక్కన పడుకోవాలే పిల్లా" అనేది. వాగు ఎగువన వాళ్లక్క ఒక గది ఖాళీగా ఉంచింది. హోబార్ట్ పదవి ముగియగానే ఇద్దరూ అక్కడికి వెళ్లిపోవాలని.

ఎన్నికల ముందు వేసవిలో హోబార్ట్ పోయాడు. మా వైపు జైలరు పోతే ఆ కుర్చీ పెళ్లానిది. సమాధి మట్టి ఆరకముందే జడ్జి ఎస్టిల్ గారు తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టారు.

"ఎన్నికలకీ నీ పేరే ఇచ్చేశాం చెల్లెమ్మా. దిగులు పడకు."

ఆమె తలూపింది. ఎదుటి మనిషి మొహం మీద కాదనడం ఆమెకు చేతకాదు. నాదీ అదే రోగం.

మిగిలిన ఆశ ఒక్కటే. రంపపు మిల్లులో పనిచేసే కార్ల్ రిచీ పోటీకి దిగాడు. అతను గెలిస్తే ఆమెకు విడుదల.

మా కౌంటీలో జైలు కూడు తినని ఇల్లు లేదు. దొంగసారా కాచి ఒకడు, తన్నుకుని ఒకడు వస్తూనే ఉంటారు. జైలరు గెలుపు చిక్కుడు గింజల కుండలో ఉంటుందంటారు. అత్త ఆ కుండలో ఉప్పు గుమ్మరించడం మొదలుపెట్టింది. మొక్కజొన్న రొట్టె మాడ్చింది. నేను బిత్తరపోయి చూస్తుంటే, "నువ్వేం చూడలేదు" అంది.

పైనుంచి ఒక్క తిట్టు రాలేదు. పళ్లేలు ఖాళీగా తిరిగొచ్చాయి.

కోర్టు జరిగే సోమవారమే మా ఊరి సంత కూడా, ఆవరణంతా కంచరగాడిదల బేరాలు. కార్ల్ టోపీ తీసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను తప్పుకుంటున్నా అత్తా."

"ఎందుకురా? నిలబడు! నీకేం తక్కువ?"

"మా తమ్ముడు నీ జైల్లోనే ఉన్నాడుగా. అత్త ఏడుస్తూ వండుతోంది, చిక్కుళ్లనిండా కన్నీళ్లే, నోరెత్తకుండా మింగుతున్నాం అన్నాడు. నీమీద నిలబడితే మా అమ్మే నా మొహాన ఉమ్మేస్తుంది."

"కన్నీళ్లు కాదురా, ఉప్పు. నేనే వేశా."

"పోనీలే. దుఃఖంలో చెయ్యి జారుతుంది."

"కావాలనే వేశాన్రా కార్ల్! నాకీ జైలు వద్దు!"

అతను కళ్లు తుడుచుకున్నాడు. "ఇంత బాధలోనూ నన్నే ఓదారుస్తున్నావు. దేవతవే తల్లీ."

కాసేపటికి జడ్జిగారు కోర్టు మెట్లమీద నిలబడి, కార్ల్ తప్పుకున్నాడనీ ఇక పోటీ లేకుండా అత్తే జైలరనీ చెప్పారు. ఆవరణంతా చప్పట్లు. అత్తను చెయ్యిపట్టుకుని బయటికి తీసుకెళ్లారు. ఆమె ఏదో అనబోయింది. ఇంతలో ఎవరో ముసలమ్మ కావలించుకుని ఏడ్చింది. అత్త ఆ ముసలమ్మ వీపు నిమురుతూ ఉండిపోయింది.

చలికాలం మొదట్లో వాళ్లక్క ఆ గదిని బడిపంతులమ్మకు అద్దెకిచ్చింది.

"ఎన్నాళ్లని ఖాళీగా ఉంచుతుంది పాపం" అంటూ అత్త పళ్లేలెత్తుకుని మెట్లెక్కింది.

వడ్డించే మనిషి లోపలికెళ్లగానే ఇనుప తలుపుకు బయటినుంచి తాళం వెయ్యాలి. ఆ పని నాది. వేశాను.