తెరచాపలు లేని ఓడ

అమెరికాలో, నేపర్‌విల్‌లో మా పక్కింటి అంకుల్ అనగానే, ఆయన తన బొమ్మ ఓడ మీది దుమ్ము మెల్లగా ఊదడమే గుర్తొస్తుంది. రిటైరయ్యాక గరాజ్‌లో కూర్చుని, పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధనౌక ఒకదాన్ని చెక్కతో బొమ్మగా చేశారు. వచ్చినవాళ్ళందరూ ఒకటే అడిగేవాళ్ళు. "అంకుల్, తెరచాపలు ఎప్పుడు ఫిక్స్ చేస్తారు?"

ఆయన దుమ్ము ఊది, "అయిపోయిందమ్మా, ఇంతే" అనేవారు.

ఒకసారి నేను వదల్లేదు. అప్పుడు చెప్పారు: నిజం ఓడ ఎన్నో యుద్ధాలు చేసి పాతబడ్డాక, తెరచాపలు కట్టే స్తంభాలు పీకేసి, దాన్ని రేవులో కట్టేసి, ఆసుపత్రిగా వాడుకున్నారట.

"అయ్యో! అంత పెద్ద వార్‌షిప్ చివరికి అలా అయిపోయిందా?"

"అయ్యో ఎందుకమ్మా? అన్నాళ్ళూ మనుషుల్ని చంపడమే కదా దాని సర్వీసు" అంటూ టార్చి నా చేతికిచ్చారు.

ఫిరంగి పెట్టే కిటికీలోంచి లోపలికి చూశాను. వరసగా చిన్న చిన్న మంచాలు. ప్రతి మంచం మీదా మడతపెట్టిన దుప్పటి ఉంది.