దయారత్నం, వేట కాగితం

మా ఎదురింటి దయారత్నానికి ఉన్నది ఒకే ఒక్క గుణం, కోపం. డ్రైవరు పని అతనికి పక్క ఉద్యోగం. షార్జా అల్ నహ్దాలో మా బిల్డింగుకు వచ్చి తొమ్మిదేళ్ళయినా, అతను మామూలు గొంతుతో మాట్లాడగా నేను వినలేదు. లిఫ్టు ఆలస్యమైతే లిఫ్టును తిట్టేవాడు. తొందరగా వస్తే, తలుపుకు తాళం వేసుకునే టైము కూడా ఇవ్వదని తిట్టేవాడు. తల్లిదండ్రులు ఏం చూసి పేరులో దయ పెట్టారో వాళ్ళకే తెలియాలి.

భార్య రేచెల్ ఆసుపత్రిలో నర్సు. ఊళ్ళో అందరికీ బీపీ చూస్తుంది గాని మొగుడికి మాత్రం చూడదు. అడిగితే, "మిషను పాడైపోద్ది ఆంటీ" అంటుంది.

రెండేళ్ళ కిందట చలికాలంలో పై అంతస్తు దేవికి నెలలు నిండుతున్నాయి. బందరు పక్క పిల్ల. తల్లి లేదు. మొగుడిది ఓడ మీద ఉద్యోగం, ఆర్నెల్లకోసారి వస్తాడు. పురుడయ్యేదాకా తోడుంటాడని తండ్రి ఆదిశేషును విజిట్ వీసా మీద పిలిపించుకుంది. ఆయన నలభై ఏళ్ళు పడవ మీద బతికిన మనిషి. వాళ్ళ కిటికీలోంచి దూరంగా ఒక నీళ్ళ చార కనిపిస్తుంది. పొద్దస్తమానం దాన్నే చూస్తూ కూర్చునేవాడు. అన్నం ముందు పెడితే కెలికి లేచిపోయేవాడు. మూడు వారాల్లో చొక్కా కొక్కేనికి తగిలించినట్టయింది.

"ఒక్కసారి వేటకెళ్తేగానీ ముద్ద దిగదమ్మా" అన్నాడు నాతో.

దేవికి భయం పట్టుకుంది. "ఇట్టాగే ఉంటే పంపించేస్తాను నాన్నా. ఇక్కడ నువ్వు పడిపోతే నేను చూసుకోగలనా?" అంది.

ఆ మర్నాడే ఆయన ఎక్కడో గాలం కొనుక్కుని బయలుదేరాడు. లిఫ్టులో దయారత్నం తగిలాడు. నేనూ ఉన్నాను.

"ఏందా సంచిలో?"

"గాలం బాబూ. వేటకి."

"లైసెన్సేది?"

"సముద్రానికి లైసెన్సేంటి బాబూ?"

"ఇదేమన్నా మీ బందరా? ఇక్కడ గాలం నీళ్ళలో పడాలంటే కాగితం ఉండాలి. లేకుండా పోయావంటే నేనే ఫోన్ చేసి పట్టిస్తా."

అని గాలం లాక్కుని, ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు దబదబా బాదాను.

"నువ్వు మనిషివా, తుమ్మ ముల్లువా?"

"రూలు" అన్నాడు లోపల్నుంచి.

ఇతని బోడి సాయం ఎవరికి కావాలనుకుని, ఆదిశేషును నేనే టైపింగ్ సెంటరుకు తీసుకుపోయాను. ఈ దేశంలో ఏ కాగితమైనా అక్కడే పుడుతుంది. అక్కడ కూర్చునే జానీ బాషాది కడప.

"వేటకి అనుమతి కావాలి బాబూ" అన్నాడు ఆదిశేషు.

జానీ బాషా తల ఎత్తలేదు. "ఎన్ని వేటలు?"

"రోజూ వెళ్తాను. ఒకటన్నా పడదా?"

"దినానికొకటా?" అని తల ఎత్తాడు. "యాడ కోస్తారు సామీ?"

"ఇంటికాడే. మా అమ్మాయి కోసుద్ది. ఇప్పుడు నెలలు నిండినా చేతి చురుకు తగ్గలేదు."

"బాల్కనీలో రక్తం కనబడితే మున్సిపాలిటీ వాళ్ళు ఊరుకుంటారా? యాడ కట్టేసినావు దాన్ని?"

"కట్టేసేదేంటి బాబూ, నీళ్ళలో ఉంటది."

జానీ బాషా కుర్చీ వెనక్కి జరిపాడు. "ముంచి చంపుతారా? మీ పక్క అట్లనా?"

కడప వాళ్ళకు వేట అంటే పండగకు కోసే మేకపోతు. బందరు వాళ్ళకు చేపలకు పోవడం. నేను నెల్లూరుదాన్ని, రెండూ తెలుసు. నవ్వు ఆపుకోవడంలో నోరు విప్పడం ఆలస్యమైంది. విప్పినదాన్ని చేప అంటే సరిపోయేది, ఉర్దూలో అయితే తెలుస్తుందని తెలివికి పోయాను. "మేక కాదు నాయనా, షికార్" అన్నాను.

"షికారా, ఆ మాట ముందే చెప్పకూడదా" అని జానీ బాషా అడవి జంతువుల గడిలో టిక్కు కొట్టి పంపించేశాడు.

నాలుగో రోజున జవాబు వచ్చింది. జంతువులను వేటాడడానికి అనుమతి లేదట. దగ్గరున్న ఆయుధం వివరాలు వెంటనే తెలపాలట. ఆదిశేషు గంజి కూడా మానేశాడు. "నా దగ్గర గాలం కూడా లేదు కదమ్మా, ఆ బాబు లాక్కున్నాడు" అన్నాడు. దేవి కళ్ళు తుడుచుకుంటూ గురువారం రాత్రికి తిరుగు టికెట్టు తీసింది.

తప్పు సగం నాదే. అయినా కోపం పోసుకోవడానికి ఎదురుగా దయారత్నం ఉండగా ఇంకొకరిని వెతకడమెందుకు? కాగితం తీసుకెళ్ళి అతని మొహం ముందు ఆడించాను.

"ఇప్పుడు చల్లబడిందా నీ కడుపు? ముసలాయన ఎల్లుండి పోతున్నాడు. ఆ పిల్ల ఒంటరిగా కంటుంది."

అతను చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎవడు రాశాడిది? ఈ ముసలాయన పులిని కొట్టేటట్టున్నాడా? చేపకీ పులికీ ఒకటే గడా? పక్కనుండి మీరేం చేస్తున్నారు?"

"నాది ఐదో క్లాసు. అందులో అరబ్బీ చెప్పలేదు."

తలుపు ధడాలున పడింది. మా గోడ మీద గడియారం ఆగిపోయింది.

బుధవారం సాయంత్రం దయారత్నం దేవి ఇంటికి వచ్చి బల్ల మీద ఒక కాగితం, గాలం విసిరేశాడు. "చేపల కాగితం. గాలంతోనే, ఒడ్డు మీద నుంచే. పిల్లచేపలు పట్టకూడదు. వారం రోజులే. వల బయటికి తీశావంటే నేనే పట్టిస్తా. పొద్దున ఐదున్నరకి కింద ఉండు. ఎట్టా రూలు తప్పుతావో పక్కనే ఉండి చూస్తా."

తిట్టి తిట్టి ముసలాయన ప్రాణం తీస్తాడని నాకు అనుమానం. అందుకే పిలవకపోయినా ఐదుంపావుకే కారు వెనక సీట్లో కూర్చున్నాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన రేచెల్ కిటికీలోంచి నాకు టీ ఫ్లాస్కు అందిస్తూ గొంతు తగ్గించింది.

"ఆయన్ని కాస్త కనిపెట్టుకోండి ఆంటీ. చిన్నప్పుడు కాలవలో పడ్డాడు. బక్కెట్టులో నీళ్ళు చూసినా దూరం జరుగుతాడు."

"మరెందుకు పోతున్నాడు?"

"రెండు రోజులు సెలవు పెట్టి ఆ కాగితం కోసం తిరిగాడు. ఆరోజు గాలం లాక్కుందీ అందుకే. ముసలాయన పట్టుబడితే కూతురి పురుడు చూడకుండా పోతాడని రాత్రంతా పడుకోలేదు. ఆ మాట మీతో చెప్పమంటే నా మీద అరిచాడు."

అల్ ఖాన్ దగ్గర రాళ్ళ ఒడ్డున ఆదిశేషు అంచు దాకా పోయి నిలబడ్డాడు. వెనకాల దయారత్నం. రెండు చేతులతో ముసలాయన చొక్కా అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. నోరు మాత్రం మూసుకోలేదు.

"ముందుకు జరగమాక. జరిగావంటే చూడు."

"నువ్వు వదిల్తేనే చెయ్యి లేస్తది బాబూ."

"వదలను. రూలు."

"ఏ రూలు?"

"నా రూలు."

మొదట బెత్తెడు కూడా లేని చేప పడింది. "చిన్నదిలే" అన్నాడు ఆదిశేషు. "చిన్నదైతే ఇంకా చేతిలో ఎందుకు? వదిలెయ్. వాళ్ళమ్మ వెతుక్కుంటది" అని అరిచాడు దయారత్నం, కళ్ళు తెరవకుండానే. ఎండ ఎక్కాక మోచేయంత చేప పడింది. ముసలాయన నవ్వగా అదే మొదటిసారి చూడడం.

మధ్యాహ్నం దేవి పులుసు పెట్టింది. ఆదిశేషు రెండోసారి అన్నం అడిగాడు. దేవి గరిటె పట్టుకుని గోడవైపు తిరిగి కాసేపు నిలబడింది. తర్వాత ఫోను తీసి టికెట్టు రద్దు చేసింది.

దయారత్నం చింతపండు ఎక్కువైందన్నాడు. కారం తక్కువైందన్నాడు. ఇన్ని ముళ్ళున్న చేపను పట్టమని ఎవరు చెప్పారన్నాడు.  ఆదిశేషు అతని కంచంలోని ముక్క తీసుకుని, ముళ్ళన్నీ ఏరి, మెత్తటి కండ అన్నం మీద పెట్టాడు. దయారత్నం నోరు తెరిచాడు. తిట్టడానికి ఏమీ దొరక్క, ముద్ద పెట్టుకుని మూసుకున్నాడు.