దేశాధ్యక్షుడికి మంచినీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా నేను తలుపు వెనకే ఉండేదాన్ని. లాలాపేట్‌లో రెండు గదుల ఇల్లు మాది. నాకు ఆయాసం జబ్బు ఉండేది, అందుకని బడికి పంపలేదు. పొద్దున ప్రార్థన అయ్యాక అమ్మే కూర్చోబెట్టి చదువు చెప్పేది. చదువైతే బాగానే వచ్చింది, మనుషులే అలవాటు కాలేదు. చుట్టాలొస్తే అమ్మ మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి పంపేది. నేను దాన్ని గుమ్మం దగ్గర నేల మీద పెట్టేసి లోపలికి పరుగెత్తేదాన్ని.

నా పన్నెండో ఏట నేను ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయాల్సి వచ్చింది. ముక్కూ మొహం తెలియని పిల్లల మధ్య కూర్చోవాలని విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. రాయనని చెప్పేశాను. అమ్మ బతిమాలింది, కోప్పడింది, మోకరించి దేవుణ్ణి అడిగింది. ఈ పరీక్ష తప్పితే నేను ఎప్పటికీ ఆ తలుపు వెనకే ఉండిపోతానని ఆమె దిగులు.

మా తాతయ్య యూనివర్సిటీలో అటెండరు. పెద్ద సభాభవనంలో కుర్చీలు సర్దడం, వేదిక మీదివాళ్ళకు నీళ్ళు అందించడం ఆయన పని. పరీక్షకు నెల ముందు అక్కడ ఎన్నో దేశాల నాయకుల సభ వచ్చింది. తార్నాక చౌరస్తా దాకా రోడ్డుకు ఇరుపక్కలా సున్నం గీతలు గీశారు. పై అధికారిని అడిగి, రెండు రోజుల పాటు నన్ను వెంట తీసుకెళ్ళడానికి తాతయ్య అనుమతి తెచ్చుకున్నాడు.

"గంత మందిల పిల్లనెందుకు మామా?" అంది అమ్మ.

"ఏ కుర్చీల ఏ దేశమాయన కూసుంటడో నాకేమెరుక? సదువొచ్చిన మనిషి కావాలె గద," అన్నాడు.

ఆ మొదటి రోజు హాలు ఖాళీగా ఉంది. అంత ఎత్తైన కప్పు నేను ఎక్కడా చూడలేదు. ఆకుపచ్చ గుడ్డ కప్పిన పొడవాటి బల్ల మీద చిన్న చిన్న జెండాలు, వాటి ముందు పేర్ల పలకలు. అమ్మ గోడకు తగిలించిన పటంలో నేను వేలు పెట్టి చూసిన దేశాలే అవన్నీ. ఒక్కొక్క పేరు చదివి తాతయ్యకు చెబుతూ, ఒక్కొక్క చోట కడిగి తుడిచిన గాజు గ్లాసు పెట్టాను.

మర్నాడు వాళ్ళు వచ్చారు. తెర పక్కన తాతయ్య చొక్కా పట్టుకుని నిలబడ్డాను. పాదాల దాకా జారే తెల్లటి అంగీలు, తలపాగాలు, నల్ల కోట్లు. పూసల పేటలు వేసుకున్న ఒకావిడ నడుస్తుంటే హాలంతా లేచి నిలబడింది. దేవుడు ఇన్ని రకాల మనుషుల్ని చేశాడా అనిపించింది. పటంలో వేలెడంత లేని దేశాలు అలా నడిచి వస్తుంటే నాకు రెప్ప వేయబుద్ధి కాలేదు.

ఒక దేశాధ్యక్షుడు మాట్లాడటానికి లేచాడు. చాలా పొడుగు మనిషి. నాలుగు మాటలైనా కాకముందే దగ్గు ముంచుకొచ్చింది. గ్లాసెత్తి గటగటా తాగేశాడు. మళ్ళీ దగ్గు. ఖాళీ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

తాతయ్య నీళ్ళ జగ్గు నా చేతిలో పెట్టాడు. "నా మోకాలు ఇయ్యాల మాట ఇంటలేదు బిడ్డా. నువ్వే పోయి రా."

"అంత పెద్దోళ్ళు తాతా."

"పెద్దోడే. గని దూపైతున్నది గదా పాపం. దూపైన మనిషికి భయపడతరా ఎవరన్న?"

ఎలా నడిచానో తెలియదు. దేవుడే నడిపించాడనుకుంటాను. దగ్గరికి వెళ్ళేసరికి గ్లాసు పట్టుకున్న ఆయన చెయ్యి వణుకుతోంది. జగ్గు పట్టుకున్న నా చేతులూ వణుకుతున్నాయి. గ్లాసూ జగ్గూ తగిలి టకటకమన్నాయి. ఆయన నీళ్ళు తాగి, కళ్ళు మూసి తెరిచి, తల వంచి నాతో ఏదో ఒక్క మాట అన్నాడు. అది ఇంగ్లీషు కాదు.

"ఏమన్నడు తాతా?" అని అడిగాను, తెర వెనక్కి రాగానే.

"ఏమంటడు? సల్లగున్నయి అన్నడు," అన్నాడు తాతయ్య, ఆ భాష పుట్టినప్పటి నుంచీ వచ్చినట్టు.

సభ ముగిశాక తాతయ్య బాల్కనీలో దీపాలు ఆర్పడానికి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్ళాడు. కింద నిలబడి ఆయన మోకాలి వంక చూశాను. ఆయన చూడనట్టే ఉన్నాడు.

ఆ రాత్రే పరీక్ష రాస్తానని అమ్మతో చెప్పాను. కానీ ఆ రోజున పరీక్ష హాలు గుమ్మం దగ్గర నా కాళ్ళు మళ్ళీ మొరాయించాయి. లోపల టీచరమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ, పెదవులు తడుపుకుంటూ పేపర్లు లెక్కపెడుతోంది. సంచిలోంచి అమ్మ పెట్టిన నీళ్ళ సీసా తీసి, వెళ్ళి ఆమెకు ఇచ్చాను. ఆమె తాగి, నా నంబరు చూసి, కిటికీ పక్క బెంచీ చూపించింది. కూర్చున్నాను. రాశాను.

తాతయ్య వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ని నాకు ఇచ్చినందుకు రోజూ పొద్దున ప్రార్థనలో దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. ఇప్పుడు తార్నాకలో మా ఇంటి గంట మోగితే ముందు లేచేది నేనే. ఎంత పెద్దవాళ్ళ ముందుకు వెళ్ళినా, ఈ వయసులోనూ గుండె కాస్త దడదడలాడుతుంది. అప్పుడు నా చూపు వాళ్ళ ముఖం మీదికి పోదు. ముందు వాళ్ళ దగ్గరున్న గ్లాసు మీదికి పోతుంది, నిండుగా ఉందా, ఖాళీ అయిందా అని.