ఒకే గుడిలో రెండు మొక్కులు

మా అమ్మాయి పైలట్ అవుతానని చెప్పినప్పుడు నేను శాలిబండలోని నా దుకాణంలో కాలిపోయిన కూలర్ మోటారు విప్పుతున్నాను. మోటార్లకు రాగి తీగ చుట్టడం నా పని. ముప్పై ఏళ్ళుగా అదే కూడు పెడుతోంది. అమ్మాయి ఇంటర్ పాసై అప్పటికి నెల కూడా కాలేదు. లెక్కలు, ఫిజిక్స్ దానికి మంచినీళ్ళ ప్రాయం. పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో ఒక ఫ్లయింగ్ స్కూల్ ఫీజుల కాగితం చూపించింది. సున్నాలు ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టి, "మంచిగుంది బిడ్డా" అన్నాను. అంతకంటే పెద్ద అబద్ధం అప్పటిదాకా దానికి చెప్పి ఎరగను.

ఆ డబ్బు రావాలంటే మాకు ఒక్కటే దారి. ఛత్రినాకలోని మా రెండు గదుల ఇల్లు అమ్మాలి. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉన్న ఒక సేఠ్ మా పక్కిల్లు కొన్నప్పటి నుంచి మాదీ అడుగుతూనే ఉన్నాడు. నా భార్య ఒక్క పూటలో తేల్చేసింది.

"కిరాయింట్ల ఉందాం. మనకున్నది ఒక్క పిల్ల. పొయ్యేటప్పుడు ఇల్లు నెత్తిన పెట్టుకొని పోతమా?"

నేను మాత్రం కనబడినవాణ్ణల్లా అడిగాను. ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పనిచేసే మా బస్తీ అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఫీజు కట్టంగనే అయిపోదన్నా. లైసెన్సు వచ్చినంక పెద్ద విమానం నేర్చుకోనీకె మళ్ల వేరే పైసలు. గప్పుడు గూడ నౌకరీ పక్కా అని ఎవ్వడు రాసియ్యడు. లైసెన్సు పట్టుకొని ఇంట్ల కూసున్నోళ్ళు మస్తు మందున్నరు."

ఆ మాట ఇంట్లో చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి నా భార్య చూసిన చూపుకు మళ్ళీ కంచంలోకి తల దించుకున్నాను. రెండోసారి అమ్మాయి గోడకు మేఘాల బొమ్మలు అంటించుకుని వాటి పేర్లు బట్టీ పడుతోంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నా కోపమంతా నా మీదే. వద్దంటే పిల్ల బతుకుకు అడ్డం పడ్డ తండ్రినవుతాను. సరేనంటే, యాభై దాటాక పెళ్ళాన్ని కిరాయి ఇళ్ళ వెంట తిప్పే మొగుణ్ణవుతాను. రెండూ కాకుండా బయటపడే ఉపాయం ఏదైనా ఉందా అని పిరికివాడిలా వెతికాను.

ఫీజు కట్టే ముందు డాక్టరీ పరీక్ష పాసై రమ్మన్నారు స్కూలువాళ్ళు. పరీక్షకు ముందు ఆదివారం నా భార్య మా గల్లీ చివరి అమ్మవారి గుడికి వెళ్ళింది. పిల్ల పాసైతే ఈసారి బోనంతో పాటు తొట్టెల కూడా సమర్పిస్తానని మొక్కింది. వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించి ఆ తొట్టెల ఎవరు బాగా కడతారో కూడా అప్పుడే అడిగి తెలుసుకుంది.

మర్నాడు పొద్దున దుకాణానికి పోతూ నేనూ అదే గుడి దగ్గర ఆగాను. చెప్పులు విడిచి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని చెయ్యెత్తి మొక్కాను.

"తల్లీ, వద్దని నా నోటితోని చెప్పలేను. నువ్వే ఏదన్న అడ్డం బెట్టు. బోనాలకు యాటపోతునిస్త."

మొక్కాక భయం వేసింది. మొక్కు వెనక్కి తీసుకోవచ్చా అని పూజారిని అడుగుదామనుకున్నాను. ఏ మొక్కు అంటే ఏం చెప్పాలి? పోయి దుకాణం తెరిచాను.

పరీక్షకు నేనే వెంట వెళ్ళాను. చివరికి కళ్ళ డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు. ఎడమ కంటి చూపు చిన్నప్పటి నుంచే మందమట. కుడి కన్ను నెట్టుకొస్తోంది కాబట్టి ఎవరికీ తెలియలేదట. అద్దాలు పెట్టినా పైలట్‌కు కావలసినంత చూపు రాదన్నాడు.

ఆ మాట వినగానే నెత్తి మీది గంప ఎవరో దించినట్టయింది. దాచడమెందుకు, అది సంతోషమే. ఇల్లు మిగిలిందనుకున్నాను. తర్వాత పక్కకు చూస్తే, అమ్మాయి కుడి కన్ను అరచేత్తో మూసుకుని గోడ మీది అక్షరాలు మళ్ళీ చదువుతోంది. మూడో వరుస దగ్గర ఆగిపోయి, మళ్ళీ పైనుంచి మొదలుపెడుతోంది. పదిహేడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, దాని కన్ను సంగతి నాకు తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

బోనాలు వచ్చేసరికి గోడ మీది మేఘాలు లేవు. డిగ్రీ ఫారం అమ్మాయే నింపుకుంది. నా భార్య మాత్రం ఎప్పటిలాగే బోనం ఎత్తుకుంది. "ఇనకపోయినా తల్లి తల్లే గదా" అంది. నేను యాటపోతును తేలేదు. తెస్తే, ఏం కోరిక తీరిందని ఇస్తున్నావని అడుగుతుంది.

గుడి ముందు డప్పుల లొల్లిలో అమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది.

"బాపూ, అమ్మ మొక్కిందట. నువ్వు గూడ మొక్కినవా?"

"మొక్కిన బిడ్డా."

నా మోచెయ్యి పట్టుకుంది. "ఏంది గట్లున్నవ్? ఫికర్ చెయ్యకు బాపూ. తల్లి ఇయ్యకుంటే ఏమాయె. నా కోసం అడిగినవ్ గదా, నాకు గది చాలు."

నేను తల ఊపాను.