పెద్దమేడమ్ గారి పచ్చ సీసా

మొన్న పళ్ల డాక్టరు పుక్కిలించమని చిన్న కప్పులో పచ్చటి మందు పోసి ఇచ్చాడు. ఆ పుదీనా ఘాటూ, దాని వెనకే స్పిరిట్ వాసనా ముక్కుకు తగలగానే నాకు నవ్వొచ్చింది. నోట్లో మందు పోసుకున్నాక నవ్వు ఆపుకోవడం కష్టం. ఆ కుర్ర డాక్టరు తెల్లకోటు పాడైంది. క్షమించమని అడిగి, ఎందుకు నవ్వానో చెప్పాల్సి వచ్చింది.

ఎనభైల్లో నూజివీడులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నా మొదటి ఉద్యోగం. హెడ్మిస్ట్రెస్ రాజ్యలక్ష్మి గారిని అందరూ పెద్దమేడమ్ గారు అనేవారు. గంజి పెట్టిన నేతచీరలో ఆవిడ వరండా వెంట నడిచొస్తుంటే పిల్లలే కాదు, టీచర్లం కూడా కొంగులు సర్దుకునేవాళ్లం. అంతటి మనిషికీ ఒక దిగులుండేది. నోరు వాసనొస్తుందేమోనని. ఓడలో పనిచేసే తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడల్లా మౌత్‌వాష్ సీసాలు తెచ్చేవాడు. ప్రతి క్లాసుకూ ముందు ఆవిడ తన గది వెనక నిలబడి పుక్కిలించేవారు. ఆ గరగర చప్పుడు వినపడితే చాలు, క్లాసులో అల్లరి దానంతటదే సద్దుమణిగేది.

కొన్నాళ్లకు ఆవిడ నోరు మండడం మొదలైంది. నాలుక పిడచకట్టుకుపోయేది, బుగ్గల లోపల పుళ్లు. నూజివీడులో ఉండి కొత్త ఆవకాయ నాలుక మీద పెట్టుకోలేని పరిస్థితి వచ్చింది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగేవారు, పుళ్లు మానాలని ఇంకో మూతెడు మౌత్‌వాష్ పోసుకునేవారు.

ఆ రోజుల్లోనే చాట్రాయి దారిలో మామిడితోటల పక్కనున్న కూలీల కాలనీ నుంచి సత్తెయ్య కూతురు బడికి రావడం మానేసింది. తండ్రి సారాకు అలవాటుపడి, పిల్లను తోటపనికి పంపిస్తున్నాడని తెలిసింది. ఇది ఒక్క ఇంటి సంగతి కాదని పెద్దమేడమ్ గారు కాలనీలో మీటింగు పెట్టారు. నన్నూ వెంట తీసుకెళ్లారు. రిక్షా దిగగానే గొడుగు చాటున పుక్కిలించి మరీ మాట్లాడటం మొదలుపెట్టారు. సారా తాగితే ఒళ్లెలా గుల్లవుతుందో, ఇల్లెలా గుల్లవుతుందో ఆవిడ చెబుతుంటే ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. చివర్లో సత్తెయ్యను దగ్గరకు పిలిచి, నీ కూతుర్ని బడికి పంపిస్తావా లేదా అని నిలదీశారు. అతను చేతులు కట్టుకుని ముందుకు వంగాడు. ఒకసారి గాలి పీల్చాడు. మర్యాదగానే అన్నాడు.

"మేడమ్ గారూ, తమరు పుచ్చుకునేది మంచి సరుకండి. మాకిక్కడ సారా తప్ప దొరకదండి."

ఆ తర్వాత మీటింగు ముందుకు సాగలేదు. కళ్లొత్తుకున్నవాళ్లే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

తిరుగుదారి పొడుగునా ఆవిడ రిక్షావాణ్ని తొందరపెడుతూనే ఉన్నారు. స్కూలుకు రాగానే సీసా నా చేతికిచ్చి, తన కళ్లజోడు సరిగా లేదనీ, దాని మీదున్న సన్నక్షరాలు చదవమనీ అన్నారు. ఆల్కహాల్ అని చదివాను. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివినా అదే ఉంది.

మర్నాడు బెజవాడలో పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లాం. పెద్దాయన ఆవిడ నోరంతా చూసి, చిగుళ్లలో చీముందనీ, వాసన అక్కణ్నుంచే వస్తోందనీ చెప్పాడు. ఆ మౌత్‌వాష్‌లోని స్పిరిట్ నోటి తడిని ఆరగొడుతుందట, పుళ్లను మండిస్తుందట. తడి ఆరితే వాసన ఇంకా ఎక్కువవుతుంది. ఎక్కువైంది కదాని ఈవిడ మళ్లీ పుక్కిలిస్తున్నారు. పైపైన పుదీనా వాసన రావడంతో అసలు జబ్బు ఇన్నాళ్లూ బయటపడలేదు.

పెద్దమేడమ్ గారు అడిగారు. "అయితే ఆ సత్తెయ్యకీ నాకూ తేడా ఏంటండీ?"

"అతను మింగుతాడండి. మీరు ఉమ్మేస్తారు," అన్నాడు డాక్టరు.

చిగుళ్లు శుభ్రం చేయించుకున్నాక, నేను వద్దంటున్నా వినకుండా ఆవిడ మళ్లీ కాలనీకి వెళ్లారు. ఈసారి ఉపన్యాసం లేదు. సీసా అందరికీ చూపించి, సత్తెయ్య అన్నది నిజమేననీ, ఇందులో ఆల్కహాల్ ఉన్న సంగతి తనకు తెలియదనీ చెప్పారు. మానేశాక కూడా క్లాసుకు వెళ్లేముందు చెయ్యి దానికోసమే వెతుకుతోందనీ, అది లేకుండా మనుషుల ముందు నిలబడాలంటే భయంగా ఉందనీ చెప్పారు. చెబుతూ చెబుతూనే సీసా నేలమీద వంపేశారు. ఎవరూ నవ్వలేదు. సత్తెయ్య భార్య మంగ మొగుడి వైపు తిరిగింది.

"మేడమ్ గారు ఇంతమందిలో చెప్పుకున్నారు. నువ్వు నా ఒక్కదాని ముందు చెప్పలేవా?"

అతను తలొంచుకున్నాడు. సారా మాట మామిడి కోతలయ్యాక చూద్దామన్నాడు గానీ, ఆ సోమవారం కూతుర్ని తనే తీసుకొచ్చి బళ్లో దింపాడు. తాగడం ఒకేసారి మానలేదు. తాగని రోజు మాత్రం స్కూలు గేటు దాకా వచ్చి, పెద్దమేడమ్ గారికి వినపడేలా దగ్గి వెళ్లేవాడు.

ఆవిడ దగ్గర నేర్చుకున్నది నాకింకా అలవాటుగానే ఉంది. పిల్లలకు ఏదైనా మానమని చెప్పబోయేముందు, నేనేం మానలేకపోతున్నానో మొదట చెబుతాను. నా సర్వీసంతటిలో నేనిచ్చిన ఉపన్యాసాలు చాలా తక్కువ కావడానికి కారణం అదే.