మావయ్య అతకని ఎర్తు తీగ

మా మావయ్య పోయిన కబురు చీపురుపల్లి నుంచి గజపతినగరం దాకా మైకుసెట్ల వాళ్లే మోసుకెళ్లారు. తెల్లవారగానే స్టేషను దగ్గర టీ తాగుతున్న ఒక మైకుసెట్టాయనకు చెప్పాను, అంతే. మధ్యాహ్నానికల్లా మా గుమ్మం ముందు సైకిళ్లు నిలబెట్టడానికి చోటు లేదు. వచ్చినవాళ్లలో ఒకతను చెప్పులు విప్పి, "పెద్దాయన ఎల్లిపోనాడా అమ్మా! ఇయ్యాల పెళ్లికి మైకు కట్టనని సెప్పీసినాను" అన్నాడు. పెళ్లివారు ఏమనుకున్నారో గాని, నాకు మాత్రం ఆ మాటకే ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

ఆయన నా భర్త తండ్రి. ఈ మాటలు చదివేవారిలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే ఉంటారు. కాని ఈ రెండు మూడేళ్లలో మా వైపు పెళ్లి పందిట్లోనో, నాటకంలోనో, చర్చిలోనో మైకు పట్టుకున్నవాడికి చేయి జివ్వుమనలేదంటే, ఆ పెట్టెలో ఆయన చెప్పగా నేను పెట్టిన అతుకు ఉండి ఉంటుంది.

వాళ్లది తరతరాలుగా గిన్నెలకు మాటు వేసే ఇల్లు. బొగ్గుల కుంపటి, రాగి ముక్కున్న కడ్డీ, సీసం, ఆసిడు బుడ్డి. ఆసిడ్లో జింకు ముక్క కరిగించి ఒక్క చుక్క వేస్తే చాలు, ఎంత మొండి ఇత్తడికైనా సీసం టక్కున పట్టుకుంటుంది. ఊరికి కరెంటు వచ్చింది, దాని వెనకే మైకుసెట్లు వచ్చాయి. తీగ ఊడిన ప్రతివాడూ ఆయన దగ్గరికే పరిగెత్తాడు. "బిందె కన్నం పూడ్సినోడికి ఇదేటి లెక్క" అన్నారు జనం. ఆయనా అదే అనుకున్నారు. అదే కుంపటి, అదే కడ్డీ, అదే ఆసిడు. పని చిటికెలో అయిపోయేది. అతుకు మొదటి రోజు అద్దంలా మెరిసేది.

నా భర్త గిటారు వాయించేవారు. ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఇనప కడ్డీ జారుస్తూ వాయించే గిటారు. చర్చిలో ఆయన కీర్తన ఎత్తుకుంటే ముసలమ్మలు విసనకర్రలు ఆపేసేవారు. చిన్న శబ్దం వెనక బెంచీల దాకా వినిపించడం లేదని, మావయ్యే కొడుక్కి వాల్వుల ఆంప్లిఫయరు కట్టి ఇచ్చారు. టేకు పెట్టె, ముందు గుడ్డ జాలీ. లోపలి రేకుకు ఎర్తు తీగ ఆయనే అతికారు. పెట్టెలో కరెంటు ఎక్కడైనా తప్పిపోయి రేకు మీదకూ, దానికి కలిపిన గిటారు తీగల మీదకూ వస్తే, మనిషి మీదకు రాకుండా నేలలోకి దింపేసేది ఆ తీగే. దాన్నీ అందరి తీగల్లాగే ఆసిడు చుక్క వేసి అతికారు.

రెండేళ్లు బాగానే పాడింది. మూడో ఏడు కోతల పండగ చర్చి ఆవరణలో పెట్టారు. ముందు రోజు వాన పడింది. మా ఆయన స్టూలు మీద కూర్చుని, చెప్పుల్లేని కాళ్లు తడి నేల మీద పెట్టుకున్నారు. రెండో కీర్తన మధ్యలో చెయ్యి తీగల మీద ఆగిపోయింది. కళ్లు మూసుకుపోయాయి, తల వెనక్కి వాలింది. జనం భక్తిలో మునిగిపోయాడనుకున్నారు. వెనకనుంచి ఎవరో "ఆమెన్" అన్నారు కూడా. నేను కూడా అలాగే అనుకుని చూస్తున్నాను. ప్లగ్గు పీకింది మావయ్యే. అప్పటికి అయిపోయింది.

సమాధి చేసి వచ్చాక మావయ్య ఆ పెట్టెను వాకిట్లో తిరగేశారు. ఎర్తు తీగను వేలితో తాకారు. ఊడి వచ్చేసింది. అతుకు ఉన్న చోట పచ్చటి చిలుము తప్ప ఏమీ లేదు. గిన్నెకు మాటు వేస్తే తర్వాత చింతపండు పెట్టి తోమి, నీళ్లతో కడిగేస్తారు. ఆసిడు పోతుంది. ఆంప్లిఫయర్ని ఎవరు కడుగుతారు? లోపలే ఉండిపోయిన ఆసిడు రాగి తీగను కూర్చుని తినేసింది.

పాస్టరు గారు వచ్చి, అంతా దేవుని చిత్తం అన్నారు. మావయ్య తల ఎత్తి, "దేవుడి మీదకి తొయ్యకండి బాబూ. నానేసిన మాటు ఊడింది. నా కొడుకు సచ్చిపోనాడు" అన్నారు. తర్వాత నావైపు తిరిగి అదే మాట మళ్లీ అన్నారు. నాకు ఆ రోజు ఆ మనిషిని చూస్తే ఒళ్లు మండిపోయింది. అమ్మ నన్ను తీసుకెళ్లిపోతానంది. వెళ్లలేదు. ఆయన మాట దాచి ఉంటే వెళ్లిపోయేదాన్ని. చెప్పేశారు కాబట్టి ఉండిపోయాను. ఇది బయటివాళ్లకు చెబితే అర్థం కాదు.

పెట్టెను గుడ్డలో చుట్టి మంచం కిందకు తోసేశారు. మర్నాడు ఆసిడు బుడ్డి పెంటకుప్పలో గొయ్యి తీసి పూడ్చేశారు. ఆపైన వాకిట్లో కూర్చుని వేళ్లు ముడుస్తూ ఊళ్ల పేర్లు చెప్పుకోవడం మొదలెట్టారు. ఆసిడు చుక్కతో తాను అతికిన సెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అన్నీ ఆయన నోటికి వచ్చు. అవన్నీ ఊడదీసి మళ్లీ అతకాలి. కాని కుంపటి పొగకు కళ్లు మసకబారిపోయాయి, సన్న తీగ కనబడదు. నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నీ కళ్లు నాకు కావాల. ఇంకో ఇంట్లో ఇంకో కోడలు నీనాగ కూకోకూడదు" అన్నారు. కోపంతోనే ఒప్పుకున్నాను. కోపంతోనే నేర్చుకున్నాను.

పనిముట్లు కొనడానికి విజయనగరం వెళ్లాం. కొట్లో అబ్బాయి రంగు పిడి ఉన్న సాల్డరింగ్ ఐరన్ తీసి, కొత్త మాల్ అని పొగడడం మొదలెట్టాడు. మావయ్య పిడి వైపే చూడలేదు. ముక్కు విప్పించి అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. "ఇది గిటారు లోపలికి పనికొస్తాది. సన్న తీగలు, సిన్న కంట్రోళ్లు, యెక్కువ ఏడి పెడితే మాడిపోతాయి. ఇంకోటి తియ్యి బాబూ, బరువుది" అన్నారు. ఒకటి చాలదా అన్నాను. "సాలదు. రేకు మీద ఎర్తు అతకాలంటే ఈ సిన్నదాని ఏడంతా రేకు లాగేస్తాది. సీసం పైన ఉండ కడతాది గాని పట్టదు. సూడ్డానికి అతుకు, లోపల ఏటీ నేదు" అన్నారు. ఆ చివరి మాట అని తుండుతో ముఖం తుడుచుకున్నారు. కొట్టబ్బాయి ఉక్కకు అనుకున్నాడు కాబోలు, ఫ్యాను తిప్పాడు.

ఆసిడు బదులు రోజనం కొన్నారు, చెట్టు బంకలా పసుప్పచ్చగా ఉండే గడ్డ. రాగికి హాని చెయ్యదు. ఆసిడంత చురుకూ కాదు, తీగను మెరిసేదాకా గీకితే తప్ప సీసం పట్టనివ్వదు. "బద్ధకస్తుడికి ఇది లొంగదు, అందుకే మంచిది" అనేవారు. ఇంట్లో సాయంత్రం దీపాలన్నీ వెలిగాక ఓల్టేజి పడిపోయి ఐరన్ ముక్కు గోరువెచ్చగా తయారయ్యేది. అందుకని పెద్ద అతుకులన్నీ పగలే. సాయంత్రం నన్ను ముట్టనిచ్చేవారు కాదు.

అతకడం తొందరగానే వచ్చింది. ఊడదీయడం దగ్గరే నా ప్రాణం తీశారు. పాత అతుకును కరిగించి మళ్లీ అతికేస్తే ఆసిడు లోపలే ఉండిపోతుంది. పాత సీసం చుక్క మిగలకుండా పోవాలి. పాడైపోయిన మైకు వైరు మీది రాగి అల్లికను ఒలిచి, రోజనంలో ముంచి, అతుకు మీద పెట్టి పైనుంచి ఐరన్ ఆనించమనేవారు. సీసం అల్లికలోకి ఎక్కిపోయేది. ఎక్కువ సీసం ఉన్నచోట, కాంపౌండరు దగ్గర తెచ్చిన చెవి కడిగే రబ్బరు బుడ్డి. నొక్కి పట్టి, సీసం కరగ్గానే వదిలితే గుటుక్కున మింగేది. దాని మొన మాడిపోతుంటే సన్న ఇత్తడి గొట్టం తొడిగారు. తర్వాత స్పిరిటుతో కడిగి, రాగి ఎర్రగా కనిపించేదాకా గీకించేవారు. "ఎర్రగా ఉన్నాదా? నిజం సెప్పు" అని అడిగేవారు, కనబడదు కదా. అతుకు చల్లారాక ఒకటే మాట: "లాగి సూడు." లాగి చూడకుండా ఏ పెట్టెనూ మూయనివ్వలేదు. కరెంటు పెట్టి చూసేటప్పుడు నా ఎడమ చేయి వెనక్కి కట్టుకోమనేవారు. రెండు చేతులూ ఆనితే కరెంటు గుండెలోంచి దారి చేసుకుంటుందని.

గజపతినగరంలో ఒక మైకుసెట్టాయన పెట్టె తెరవనివ్వలేదు. "బాగానే మోగతన్నాది కదా పెద్దాయనా, ఎందుకిప్పడం? సీజను టైము" అన్నాడు. మావయ్య వాదించలేదు. తన కుడి చేయి అతని ముందు చాపారు. "ఈ సేయి నా కొడుకుని సంపీసింది బాబూ. నీ పెట్టెలో అతుకు కూడా ఈ సేయే ఏసింది. ఇదిగో, ఈయమ్మ నా కోడలు" అన్నారు. అతను నావైపు చూసి, లోపలికి వెళ్లి పెట్టె తెచ్చి ఇచ్చేశాడు. తెరిస్తే అందులోనూ పచ్చటి చిలుమే. తీగ వెంట్రుకంత మిగిలి ఉంది. మావయ్య అరుగు మీద కూలబడిపోయారు. ఆ రోజు ఆయన్ని రిక్షాలో స్టేషనుకు తెచ్చుకున్నాను. అప్పటికి నా కోపం పోయిందని చెప్పను. కాని ఆయన చేయి నేనే పట్టుకున్నాను.

శ్రీకూర్మం దగ్గర ఒక నాటక సమాజం వాళ్ల సెట్టుతో ఆఖరి పేరూ అయిపోయింది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో, "మరి మంచం కిందది?" అని అడిగాను. కిటికీ వైపు తిరిగి, "దాన్ని నా సేత్తో అతకను. ఆ తీగ అతికే రాత నా సేతికి నేదు" అన్నారు. చర్చి పెద్దలు ఆ పెట్టె అడిగితే ఇవ్వలేదు, పగలగొట్టేద్దామంటే పగలగొట్టనివ్వలేదు. కొన్నాళ్లకు దగ్గు పట్టుకుంది. మంచం దిగలేదు. ఆ మంచం మీదే, ఆ పెట్టె పైనే, పోయారు.

ఆయన్ని కొడుకు పక్కనే పెట్టి వచ్చాం. చుట్టాలు వెళ్లిపోయాక ఇల్లు ఊడుస్తూ పెట్టె బయటకు లాగాను. గుడ్డ ముడి నేను ఎరిగిన ముడి కాదు. ఎవరో విప్పి మళ్లీ కట్టారు. వెనక చెక్క తీశాను.

చిలుము లేదు. రేకు మీద పాత సీసం చుక్క మిగలకుండా తీసేసి ఉంది. గీకిన గీతలు అడ్డదిడ్డంగా, గీయవలసిన చోటు దాటి పోయి ఉన్నాయి. కళ్లు కనబడని మనిషి, నేను ఇంట్లో లేనప్పుడు, వేళ్లతో తడుముకుంటూ చేసిన పని. మెరుస్తున్న రేకుకు పల్చగా కొత్త సీసం పూత. పక్కన కొత్త ఎర్తు తీగ, దాని కొసకూ పూత. రెండింటినీ దగ్గరగా చేర్చి దారంతో కట్టారు. అతకలేదు. కాగితంలో చుట్టిన రోజనం ముక్క, పెట్టె మూలన బరువు ఐరన్. మీరు నన్ను అడగవలసింది మావయ్యా, నోటితో అడగవలసింది. అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చాను.

ఎండ నడినెత్తిన ఉండగా, ఓల్టేజి బాగున్నప్పుడు, అతికాను. సీసం ఉండ కట్టలేదు, పరుచుకుంది. చల్లారాక లాగి చూశాను. రాలేదు.

వాకిట్లో నీళ్లు చల్లి, ఎర్తు తీగ రెండో కొసకు ఇనప కడ్డీ కట్టి తడి నేలలో దిగ్గొట్టి, నా భర్త గిటారు తగిలించి స్విచ్చి వేశాను. ముందు గిటారు తీగలకు టెస్టరు ఆనించాను, వెలగలేదు. అప్పుడు చెప్పులు విప్పి ఆ తడిలో నిలబడ్డాను. ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని, కుడి చేయి ఆ తీగల మీద పరిచాను.

తీగలు చల్లగా ఉన్నాయి.