కోబా గుర్రం కష్టాలు

కాట్వైక్ ఊరి సముద్రపు ఒడ్డున చేపల పడవల్ని ఇసుక మీదికి లాగించే గుర్రాలవాళ్లలో ఆడమనిషి కోబా ఒక్కతే. మొగుణ్ణి సముద్రం మింగేశాక అతని కొరడా, అతని బూట్లు, అతని గుర్రం తనే తీసుకుంది.

"ఆడదానివి, అలల్లోకి దిగుతావా?" అని తోటి గుర్రాలవాడు ఆరీ వెక్కిరించాడు.

"నువ్వు దిగితేనే సముద్రం ఊరుకుంది, నేను దిగితే ఏమంటుందిలే!"

ఆ గుర్రం పేరు బెట్. దానంత పనిదొంగ ఆ తీరంలోనే లేదు. తాడు కనబడితే చాలు, తల వేలాడేసి, కళ్లు అరమూసి, ఇదిగో పోతున్నా అన్నట్టు నిలబడేది.

దాన్ని చూసి, హేగ్ పట్నం నుంచి వచ్చిన చిత్రకారుడు హెర్మానుస్ కరిగిపోయాడు. "అయ్యో, మూగజీవి! ఎంత చాకిరీ చేస్తే ఇలా అయిపోయింది?"

కోబా నవ్వు దిగమింగుకుంది. "ఏం చెప్పమంటారు బాబూ, దాని కష్టం పగవాళ్లక్కూడా వద్దు."

పక్కనున్న ఆరీకి దగ్గు తెర వచ్చింది.

వేసవంతా ఆయన బెట్ బొమ్మ వేశాడు. వచ్చినప్పుడల్లా బెట్‌కి క్యారెట్లూ రొట్టెలూ తెచ్చేవాడు. అది పీపాలా తయారైంది. బొమ్మలో మాత్రం డొక్కలు ఎండుతూనే వచ్చాయి.

"ఆ ఎముకలు ఎక్కడివి బాబూ?"

"అవి దాని మనసులో ఉన్నాయమ్మా."

కోబా బెట్ పొట్టకేసి చూసింది.

చలికాలంలో హేగ్‌కి ఎండుచేపలు అమ్మడానికి వెళ్లినప్పుడు, బొమ్మలు పెట్టిన హాల్లోకి తట్టతో సహా దూరింది. బెట్ బొమ్మ ముందు ఒక గొప్పింటావిడ కళ్లొత్తుకుంటోంది.

"ఆ గుర్రం మాదేనమ్మగారూ."

"అయ్యో! ఇంకా బతికుందా?"

"నిక్షేపంగా! మొన్ననే పాస్టరుగారి కంచె తన్ని పడగొట్టి, క్యాబేజీలన్నీ మేసేసింది."

"పాపం, ఎంత ఆకలో!" అని ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది.

నిజం చెబుతున్నా నమ్మకపోతే కోబా మాత్రం ఏం చేస్తుంది? ఊరి పేరు అడిగితే చెప్పి వచ్చేసింది.

కొన్నాళ్లకి ఆ గొప్పింటావిడ దగ్గర్నుంచి బెట్ పేరున ఎర్రటి ఉన్ని దుప్పటి దిగింది. కప్పబోతే బెట్ దాన్నీ కొరికింది. కోబా లాక్కుని, ఆదివారాలకి పావడా కుట్టుకుంది.

చర్చి గుమ్మంలో ఆరీ అడ్డం నిలబడ్డాడు. "గుర్రం దుప్పటి నువ్వు కట్టావేం?"

"వేసవంతా అది బొమ్మకి నిలబడితే, పడవ లాగింది ఎవరనుకున్నావ్?"

ఆ వసంతంలో గుర్రాలవాళ్లంతా, ఆరీతో సహా, తమ గుర్రాలకి నీరసంగా నిలబడడం నేర్పాలని చూశారు. ఒక్కటీ నేర్చుకోలేదు.